డెత్ వారి "హ్యూమన్": వినబడని విద్వత్తు

డెత్ మెటల్ అనగానే సాహితీమిత్రులలో చాలామంది చెవులు మూసుకొంటారు. అదంతా అరుపుల గోల అని వారి తీర్పు. అరుపులున్న మాట నేను కాదనను. వాటి వెనుక నడిచే లయను కూడా విని, ఆ పైన తీర్పు చెప్పమని మాత్రం నా మనవి. అందుకు తగిన ఆల్బమ్, అమెరికాలోని ఫ్లారిడాకు చెందిన డెత్ బృందం 1991లో వెలువరించిన "హ్యూమన్".

ఆ బృందానికి ఛక్ షుల్డినరే సర్వస్వం. గాత్రమూ గిటారూ ఆయనవే. ఈ ఆల్బమ్ కోసం సినిక్ బృందం నుండి గిటారుకు పాల్ మాస్విడాల్‌నూ, డ్రమ్స్‌కు షాన్ రైనర్ట్‌నూ, సేడస్ బృందం నుండి బేస్ గిటారుకు స్టీవ్ డిజార్జియోనూ తెచ్చుకొన్నాడు. టాంపాలోని మోరిసౌండ్ స్టూడియోలో స్కాట్ బర్న్స్ ఆధ్వర్యంలో రికార్డింగు జరిగింది.

మొదటి పాట "ఫ్లాటెనింగ్ ఆఫ్ ఎమోషన్స్" డ్రమ్స్‌తోనే మొదలవుతుంది. ఆ మోత ఎక్కడో దూరాన పుట్టి క్రమంగా దగ్గరవుతుంది. మా కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతరనాడు పక్క వీధిలోని డప్పులు మా వీధికి మళ్ళినట్లుంటుంది. రైనర్ట్ పాదాలు ఎడతెగని వేగంతో నడుస్తుండగా, చేతులు మాత్రం జాజ్ వాద్యకారుని వలె సింబల్స్ మీద తేలికగా పలుకుతాయి. ఈ ఆల్బమ్ గొప్పతనం వేగంలో కంటె ఈ నిగ్రహంలోనే ఎక్కువగా ఉన్నది.

ఇంతటి వాద్యకారులుండగా లోపమెక్కడ? శబ్దమిశ్రమంలో. 1991 నాటి ప్రతిలో డిజార్జియో బేస్ గిటారుల క్రింద పూడిపోయింది. 2011లో జిమ్ మోరిస్ చేసిన కొత్త మిశ్రమంతో రిలాప్స్ సంస్థ ఆల్బమ్‌ను పునర్ముద్రించినప్పుడు గాని ఆ వేళ్ళ పనితనం స్పష్టంగా తెలియలేదు. 2001లోనే, 34వ యేట, మెదడులో కణితితో కన్నుమూసిన ఛక్ దానిని వినలేకపోయాడు. పాత ప్రతిలోని మసకే అసలైన అందమనే అభిమానులున్నారు. విద్వాంసుని మాట వినబడకపోవడంలో అందమేమున్నదో నాకు బోధపడదు.

అయితే స్పష్టతకూ హద్దున్నది. తరువాతి కాలపు టెక్నికల్ డెత్ మెటల్ ఆల్బములు అనేకం ఆ హద్దు దాటాయి. డ్రమ్ముకు తగిలించిన ట్రిగ్గరు ప్రతి దెబ్బనూ గుర్తించి, ముందే రికార్డు చేసిన శబ్దాన్ని పలికిస్తుంది. దెబ్బలన్నీ ఒక్కటే అచ్చు. టైపు మిషను విన్నట్లుంటుంది. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళు చూసినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. రొమ్మున కట్టిన తప్పెటను వాయిస్తూ ఎగిరే కళాకారుని ఏ రెండు దెబ్బలూ ఒకేలా ఉండవు. ఆయాసమూ, ఉత్సాహమూ, గజ్జెల కదలికా చర్మం మీద వినబడుతూనే ఉంటాయి.

మిశ్రమం వాద్యకారుని పూడ్చనూ కూడదు, యంత్రంగా మార్చనూ కూడదు. 2011 నాటి "హ్యూమన్" ఈ రెంటికీ మధ్య నిలిచిందని నా అభిప్రాయం. మిత్రులు రెండు ప్రతులూ పక్కపక్కన విని, అప్పుడు నాతో విభేదించగలరు.