గండిపేట గేట్లు ఎత్తితే గుబులే.. గోదావరి నీళ్లొస్తే వరదకు చోటెక్కడ?

వాన గట్టిగా పడితే చాలు.. హైదరాబాద్‌లో మూసీ పక్క బస్తీల చూపంతా గండిపేట వైపే. ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని అడుగులు ఎత్తారు అన్నదే లెక్క. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల నుంచి వదిలిన నీటితో మూసీ పొంగి ఎంజీబీఎస్‌ను ముంచేసింది. ప్రయాణికులు బస్టాండ్‌లోనే చిక్కుకుపోయారు.

విచిత్రమేంటంటే ఈ రెండింటినీ కట్టిందే వరదను ఆపడానికి! 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద వేల ప్రాణాలు తీసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో మూసీపై ఉస్మాన్‌సాగర్ (గండిపేట) 1920లో, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరిచ్చే బాధ్యతా వాటిదే అయింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. వరద ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. నల్లాలకు నీళ్లివ్వాలంటే నిండుగా ఉండాలి. ఉస్మాన్‌సాగర్ పట్టేది 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ 2.97 టీఎంసీలే. ఆగస్టులోనే నిండిపోతే సెప్టెంబర్ వానను ఆపుకునే చోటుండదు. పైనుంచి వచ్చింది వచ్చినట్టు కిందికి వదలాల్సిందే.

కృష్ణా, గోదావరి నీళ్లు వచ్చాక సరఫరాలో వీటి వాటా బాగా తగ్గింది. 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసిన 1996 నాటి జీవో 111 ఆంక్షలను 2022లో జీవో 69తో ఎత్తేసినప్పుడు చెప్పిన కారణమూ ఇదే. ఒకటి మాత్రం మర్చిపోయారు. కృష్ణా నీటిని వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోయాలి. గండిపేట నీళ్లు వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేస్తాయి. పైగా ఎగువన కాంక్రీట్ పెరిగితే వాన నీరు ఇంకకుండా ఒక్కసారే వచ్చిపడుతుంది.

ఇప్పుడు కొత్త మలుపు. మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీళ్లు తెచ్చే పథకానికి 2025 సెప్టెంబర్ 8న సీఎం రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. అందులో 2.5 టీఎంసీలు జంట జలాశయాల మీదుగా మూసీ కోసం. సరిగ్గా 18 రోజులకే ఎంజీబీఎస్ మునిగింది!

ఎండాకాలంలో గోదావరి నీళ్లొస్తే మంచిదే. కానీ వానాకాలం మొదలయ్యేనాటికే జలాశయాలు నిండుగా ఉంటే? జూన్ నుంచి అక్టోబర్ వరకు ఎన్ని అడుగుల ఖాళీ ఉంచాలో గోదావరి పైపులు పడకముందే తేల్చాలి. చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ జనం అడగాల్సింది ఆ లెక్కే.