సమాధానమా, మౌనమా?

ఇతరులు శాంతి యనుచోట తెలుగు బైబిలు తరచుగా ‘సమాధానము’ అనుమాటను వాడును. సంస్కృతమున ఈ పదమునకు చెదరినదానిని చక్కగా కూర్చి నిలుపుట యని యర్థము. హెబ్రీ భాషలోని ‘షాలోము’నకును కొరతలేని క్షేమమనియే తాత్పర్యము. మన వాడుకలోనో, సమాధానమనగా ప్రశ్నకు బదులు. ఇంత యర్థముగల మాటను నేడు కొందరు బోధకులు దుఃఖితుల నోరు మూయించు మంత్రముగా మార్చుచున్నారు. దీనిని మేము ఖండించుచున్నాము.

కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని గోలేటిని చూడుడు. అది సింగరేణి సంస్థవారి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రము. బొగ్గుగనుల యూళ్లలో అన్నము వేళను, నిద్ర వేళను షిఫ్టు నిర్ణయించును. రాత్రి షిఫ్టునకు పోయిన మగడు వేళకు రాకున్న ఇల్లాలి గుండె నిలువదు. ఒప్పందపు కూలికి రేపటి మస్టరు మీద నమ్మకము లేదు. చదివిన కొడుకునకు కొలువు లేదు. ఇట్టివారు ప్రార్థనకు వచ్చి కన్నీరు పెట్టుకొన్నచో, “చింతించుట అవిశ్వాసము, నీ విశ్వాసము చాలనందుననే నీకు నిద్ర పట్టకున్నది” అని చెప్పుట ఏ ధర్మము? ఒక భారముతో వచ్చినవారిని రెండు భారములతో ఇంటికి పంపుట గాదా?

చింతింపవలదని క్రీస్తే చెప్పెను గదా యందురు. నిజమే. కాని అది నేరము మోపుమాట గాదు. భయపడిన బిడ్డకు తల్లి చెప్పు ధైర్యము. ఆ క్రీస్తే గెత్సేమనే తోటలో దుఃఖాక్రాంతుడై, ఆ గిన్నె తన యొద్దనుండి తొలగవలెనని వేడెను. తనతో మెలకువగా నుండుడని స్నేహితులను బతిమాలెను. ఆయనకును విశ్వాసము చాలలేదందురా? కీర్తనల గ్రంథమందలి మొరలన్నియు అవిశ్వాసులవేనా?

ఇక మతమంతయు మత్తుమందే యనువారికిని మా మాట యొకటి గలదు. కార్మికసంఘము పోరాడి కూలి పెంచగలదు, పెంచవలెను. కాని గనిలో మగనిని పోగొట్టుకొన్న స్త్రీకి నష్టపరిహారము చేతికి వచ్చిన పిమ్మటను రాత్రి మిగిలియే యుండును. ఆ రాత్రి తన మొర వినువాడొకడున్నాడని నమ్మి ఆమె మరునాడు లేచి బిడ్డలకు అన్నము వండుచున్నచో, దానిని మత్తు అనుట అన్యాయము. మత్తు మనుష్యుని పడవేయును, విశ్వాసము లేపును.

అయినను ప్రార్థన గని కప్పును మోయదు. పనికి ముందు సర్దారు కప్పును తట్టి చూచును. భక్తుడైన సర్దారు మరింత శ్రద్ధతో తట్టవలెను; ప్రార్థించితినని తట్టుట మానినచో అది విశ్వాసము గాదు, దైవమును శోధించుట. నిద్రలేనివాడు ప్రార్థించుచునే వైద్యుని యొద్దకు పోవుటయు ఇట్టిదే. అందు సిగ్గుపడవలసినది లేదు.

తెలుగునాట ఈ మార్గము క్రొత్తది గాదు. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవు బాధితులకు పని కల్పించి, అన్నము పెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయమును కట్టించెను. ఆకలిగొన్నవారికి ఓర్చుకొనుడని బోధించి ఊరకుండలేదు. ఇల్లెందు బొగ్గుబండ్లు చేరు జంక్షనైన డోర్నకలు 1912లో వేదనాయకం శామ్యూలు అజరయ్యకు బిషప్పు పీఠమైనది. ఆంగ్లికను సంఘమున బిషప్పైన మొదటి భారతీయుడాయన. ఆయన 1910లో ఎడింబరో మహాసభయందు విదేశీ మిషనరీలను అడిగినది మరింత ధనము గాదు, త్యాగము గాదు; స్నేహము.

బొగ్గుసీమలోని సంఘములును నేడు ఈయవలసినది ఇదియే. స్వస్థత సభలకు పందిళ్లు వేయు వ్యయములో కొంతైనను పని పోయిన ఇంటి బియ్యమునకు చేరవలెను. బోధకుడు తీర్పు చెప్పుటకు ముందు వినవలెను. రాత్రి షిఫ్టు ఇంటివారి యొద్ద ఒక గడియ కూర్చుండవలెను. అడుగువాని నోరు మూయించిన పిదప కలుగునది మౌనమే గాని సమాధానము గాదు.