వాన మీద నెట్టేసిన నేరం

2024 మే 7 సాయంత్రం బాచుపల్లిలో, కడుతున్న ఓ అపార్ట్‌మెంటు రిటైనింగ్ వాల్ కూలి ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీల కుటుంబాలు. అందులో నాలుగేళ్ల పసివాడూ ఉన్నాడు. ‘వర్షానికి గోడ కూలింది’ అంటాం. సాహిత్యం చదివినదాన్ని కనుక కర్త ఎవరని వెతుకుతాను. ఈ వాక్యంలో నేరమంతా వానది. కట్టించినవాళ్లూ, అనుమతిచ్చినవాళ్లూ వాక్యం బయటే ఉన్నారు.

నిర్లక్ష్యమని నిరూపించాలంటే, ముందు జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందని చూపాలంటుంది చట్టం. 1932లో ఇంగ్లండు ప్రభువుల సభ దానికి రూపమివ్వడానికి కారణం మే డొనాహ్యూ అనే పేద స్కాటిష్ స్త్రీ. తాగిన సీసాలో నత్త ఉందని ఆమె ఫిర్యాదు. ఆ సీసా కొన్నది ఆమె కాదు, తయారీదారుతో ఆమెకి ఒప్పందమూ లేదు. అయినా, మన పనివల్ల ఎవరికి హాని జరగొచ్చో ఊహించగలమో వాళ్లంతా మన పొరుగువాళ్లేనన్నాడు లార్డ్ ఆట్కిన్. గోడ నీడన రేకుల షెడ్డు వేయించినవాళ్లకి, అందులో పడుకునే మనుషులు పొరుగువాళ్లు కారా? ఇక ఊహించడానికేముంది?

మన సుప్రీంకోర్టు రెండు దారులూ చూపింది. ఢిల్లీలో గడియార స్తంభం కూలిన కేసులో, పైకి కనబడని లోపమని యజమాని తప్పించుకోలేడని 1966లో చెప్పింది. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు పడి భర్తని పోగొట్టుకున్న మంజులాబెన్‌కి మాత్రం, మున్సిపాలిటీకి అలాంటి బాధ్యత లేదని 1997లో తేల్చింది. బిల్డర్లకి చెట్టు కథే ఇష్టం. కానీ గోడ మొలవదు, దాన్ని కడతారు.

ఇంట్లో పిల్లాడికి దెబ్బ తగిలితే తల్లికి ఆ బాధ్యత ఉందా అని ఎవరూ విచారించరు. అది ఆమె పుట్టుకతోనే ఉన్నట్టు లెక్క. సైటులో మాత్రం లెక్కలు మొదలవుతాయి. ఆనాడు అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోటే పసిపిల్లలకి గది ఉండాలంది. యాభైమందే ఉంటే? ఇటుకలు మోసే తల్లే చూసుకోవాలి.

ఇలాంటి చావులకి ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా. అంటే దయతో ఇచ్చేది. బాకీ ఉన్నామని ఒప్పుకోకుండా చేతులు కడుక్కునే మాట అది. సంరక్షణ గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం, ఎక్కువగా గడప లోపలే నిలబడి. ఆ మాటని సైటు దాకా తీసుకెళ్దాం. ఆ తల్లులకి కావలసింది మన జాలి కాదు, వాళ్లకి రావలసిన బాకీ.