ఆ ముఖం పోస్ట్ చేసే ముందు ఆగండి

ఆదివారం తెల్లవారితే చాలు, చార్మినార్ చుట్టూ కెమెరాలే. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో, సికింద్రాబాద్ మోండా మార్కెట్లో, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పల మధ్య, విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జనం ఎక్కడుంటే అక్కడికి యువతీయువకులు కెమెరాలు మెడలో వేసుకుని చేరుతున్నారు. సంతోషం. మన బజార్లను ఇష్టంగా చూసే కళ్లు కావాలి. ఈ పని మానమని చెప్పను. ముప్పు ముంచుకురాక ముందే నాలుగు మాటలు వినమని మాత్రం బతిమాలుతున్నాను.

"పబ్లిక్ ప్లేస్ కదా, ఎవరినైనా తీయొచ్చు" అని మీలో చాలామంది నమ్ముతున్నారు. అది సగమే నిజం. రోడ్డు మీద ఫోటోలు తీయకూడదని గంపగుత్తగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. కానీ గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. గడప దాటినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. ఎదుటి మనిషి ఒంటి మీది మర్యాద భాగాలను అనుమతి లేకుండా చిత్రీకరించినా, పంపినా, ప్రచురించినా నేరం. ఆ మనిషి ఇంట్లో ఉన్నా బజార్లో ఉన్నా ఒకటే. మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్ ఉంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా తీస్తే మొదటిసారే ఏడాదికి తగ్గని, మూడేళ్ల దాకా జైలు. ఫోటోకి ఒప్పుకుని, పదిమందికీ చూపడానికి ఒప్పుకోని సందర్భంలో దాన్ని బయటపెట్టినా ఈ సెక్షన్ కిందికే వస్తుంది.

జైలు మాట అటుంచండి. నా భయం ఆ ఫోటోలో ఉన్నవాళ్ల గురించి. మీరు క్లిక్ చేసిన క్షణంలో ఎవరికీ ఏమీ కాదు. సాయంత్రం ఊరి పేరు, వీధి పేరు, టైముతో సహా పోస్ట్ చేస్తారు చూడండి, అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ట్యాంక్‌బండ్ మీద ఒక జంట కూర్చుని ఉంటుంది. సాయంకాలం వెలుగు, వెనక హుస్సేన్‌సాగర్. మీకది అందమైన ఫ్రేమ్. ఆ అమ్మాయి కులం వేరు, అబ్బాయి కులం వేరు కావచ్చు. ఇంట్లో తెలియకపోవచ్చు. పరువు పేరుతో కన్నబిడ్డల ప్రాణాలే తీసిన ఘటనలు మన రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. మీ ఫోటో ఎవరి చేతికి చేరుతుందో మీకు తెలుసా? కొట్టే మొగుణ్ని వదిలి ఊరు మారి, పూలమ్ముకుంటూ బతికే ఆడమనిషి ఉంటుంది. ఆమె నవ్వు చూసి మీరు మురిసిపోయి లొకేషన్ ట్యాగ్ పెడతారు. వెతికేవాడికి అడ్రస్ మీరే ఇచ్చినట్టు. పైగా ఇప్పుడు ఒక్క ముఖం దొరికితే చాలు, దాన్ని నగ్న శరీరానికి అతికించే యాప్‌లు వచ్చాయి. మీరు గౌరవంగా తీసిన చిత్రమే వాటికి ముడిసరుకవుతుంది.

పిల్లల విషయంలో ఇంకా భయం. మురికివాడలో చిన్నపిల్లలు కెమెరా చూడగానే గుమిగూడతారు, నవ్వుతారు. ఆ నవ్వు అనుమతి కాదు. అనుమతి తల్లో తండ్రో ఇవ్వాలి. ఇది మీ ప్రాణానికి సంబంధించిన మాట కూడా. 2018 గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్ పుకార్లు దేశమంతా పాకాయి. ఆ జూలైలో హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన స్నేహితుల్లో ఒకరు బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. దొంగలనుకుని జనం వెంటాడి కొట్టారు. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అక్కడే చనిపోయాడు. చాక్లెట్‌కే అంత జరిగితే, ముక్కూమొహం తెలియని వాడలో దూరం నుంచి జూమ్ లెన్సు పిల్లల మీద తిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. నేరం జరిగిన చోట, పోలీసుల చేతుల్లో ఉన్న పిల్లల ముఖాలైతే అసలే తీయవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం, పోక్సో చట్టం రెండూ వాళ్ల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరమంటాయి.

2027లో గోదావరి పుష్కరాలు రాబోతున్నాయి. భద్రాచలం, రాజమహేంద్రవరం, బాసర రేవుల్లో లక్షల జనం. తడిబట్టలతో ఉన్న ఆడవాళ్ల మీద, గట్టున చీర మార్చుకునే తల్లుల మీద లెన్సు పెట్టకండి. అది భక్తి చిత్రం కాదు. బోనాల్లో శివమెత్తిన స్త్రీకి ఒంటి మీద స్పృహ ఉండదు. ఆ సమయంలో దగ్గరికెళ్లి ముఖం మీద ఫ్లాష్ కొట్టడం అన్యాయం. ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద నిద్రపోయే రోగుల బంధువులదీ అదే పరిస్థితి. అడిగితే వద్దనే అవకాశం కూడా వాళ్లకు లేదు.

ఈ మర్యాద మనకు కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. దాన్ని ఒక మహిళే నడిపింది. పరాయి మగవాడి కంట పడకూడదనుకున్న వాళ్ల మాటను కెమెరా అప్పట్లోనే మన్నించింది.

మరి ఎలా తీయాలి? రద్దీ చోటే మేలు, కానీ మనుషులు గుంపుగా, సందడిగా కనిపించేలా దూరం నుంచి వెడల్పుగా తీయండి. ఒక్క ముఖమే కావాలంటే అడగండి. "ఒక ఫోటో తీసుకోనా అమ్మా" అంటే కాదనేవాళ్లు తక్కువ. చేయి అడ్డం పెడితే, కొంగు ముఖానికి లాక్కుంటే, పక్కకు తిరిగితే వద్దన్నట్టే. తీసేయమంటే వాళ్ల ఎదుటే తీసేయండి, వాదనకు దిగకండి. ఆడపిల్లల వెంట వీధివీధీ తిరిగి తీయకండి. మఫ్టీలో ఉండే పోలీసు షీ టీమ్స్‌కి మీ కళ మీద నమ్మకం కలగాల్సిన అవసరం లేదు. విశాఖ హార్బర్ పక్కనే నేవీ స్థావరం ఉంది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నిషేధిత ప్రాంతమన్న బోర్డు కనిపిస్తే కెమెరా సంచిలో పెట్టేయండి. ఇంకొకటి, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి వెనక్కి నడవకండి. పాతబస్తీ ఆటోలు మీ కోసం ఆగవు.

పేజీ నడిపి డబ్బు చేసుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో సొంత వాడకానికి ఉన్న మినహాయింపు వ్యాపారానికి రాదు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరూ ఆ చట్టం దృష్టిలో పిల్లలే.

మీ మనసు మంచిదని నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. ఇవాళ రాత్రి మీ పేజీ ఒకసారి మొదటి నుంచి తిరగేయండి. అడగకుండా తీసిన పిల్లల ముఖాలు, జంటలు, నిద్రలో ఉన్న మనుషులు, తడిబట్టల స్త్రీలు కనిపిస్తే ఆ ఫోటోలు తీసేయండి. మిగిలిన వాటిలో లొకేషన్ ట్యాగ్ తొలగించండి. రేపటికి వాయిదా వేయకండి.