గుర్రానికి చట్టం, గేదెకు జోరీగ

ముదిగొండ చుట్టుపక్కల వానలు పడి పొలాల్లో నీళ్లు నిలిచాయంటే జోరీగలు లేస్తాయి. పొద్దున మేత మేసిన గేదె సాయంత్రానికి గిరగిరా తిరుగుతూ గోడకేసి తల బాదుకుంటుంది, కొన్ని గంటల్లో పడిపోతుంది. పాము ముట్టిందనుకుంటారు. జోరీగలు మోసుకొచ్చే సర్రా జబ్బు ముదిరినా ఇలాగే ఉంటుంది.

సర్రాకు గుర్రాల్లో ఒక తోబుట్టువుంది, డౌరిన్. రెండూ ట్రిపనోసోమా పరాన్నజీవులు తెచ్చేవే. డౌరిన్‌కు ఈగతో పనిలేదు, దాటించేటప్పుడు ఒక గుర్రం నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. ముందు జననాంగాలు వాస్తాయి. తర్వాత చర్మం కింద వెండి రూపాయి దోపినట్టు గుండ్రటి దద్దుర్లు లేస్తాయి, ఒకచోట అణిగి మరోచోట తేలతాయి. చివరికి వెనక కాళ్లు చచ్చుబడతాయి. ఈ పరాన్నజీవి రక్తంలో కన్నా వాచిన కండలోనే ఎక్కువగా దాక్కుంటుంది. అందుకే సూక్ష్మదర్శినికి దొరకడం కష్టం.

అయినా ఏ గుర్రాన్ని ఏ గుర్రంతో దాటించాలన్నది మనిషి చేతిలో ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1910లో తెచ్చిన డౌరిన్ చట్టం అక్కడే పట్టుకుంది. ప్రకటించిన ప్రాంతాల్లో దాటించే మగ గుర్రాలను నమోదు చేయించాల్సి వచ్చేది. రోగమున్నట్టు తేలితే మగదానికి విత్తులు కొట్టించేవారు, ఆడదాన్ని చంపించి యజమానికి పరిహారమిచ్చేవారు. కఠినమే, కానీ అప్పట్లో గుర్రం సైన్యానికి ప్రాణం. ఆ చట్టం రద్దయి, దాని స్థానంలో 2009లో పశువుల అంటువ్యాధుల చట్టం వచ్చింది.

జోరీగను ఏ చట్టంతో నమోదు చేయిస్తాం? ఒక పశువును కుడుతూ, తోక దెబ్బకు లేచి, తడారని నోటితో పక్కదాని మీద వాలితే చాలు. గ్రిఫిత్ ఎవాన్స్ 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో సర్రా తెచ్చే పరాన్నజీవిని చూశాడు. ఆదిలాబాద్ పక్కనున్న చంద్రపూర్ జిల్లాలో 2004లో అది ఒక రైతుకే సోకింది. ఈ పరాన్నజీవిని చంపే ప్రొటీన్ ఆయన రక్తంలో లేదని పరిశోధకులు తర్వాత తేల్చారు. మనలో దాదాపు అందరికీ ఆ ప్రొటీన్ ఉంటుంది, గేదెకు లేదు.

సర్రాకు మందులున్నాయి. డైమినజీన్, క్వినాపైరమిన్ ఏళ్లుగా వాడుతున్నవే. సమయమే చేజారుతోంది. జ్వరం ఎక్కినప్పుడు పరాన్నజీవి రక్తంలోకి వస్తుంది, తగ్గగానే కనుమరుగవుతుంది. మన దగ్గర గేదెకు ముందు ఏదో సూది వేయించి, తగ్గకపోతేనే పరీక్ష మాట ఎత్తుతారు. వానాకాలంలో ఈ వరస తిరగబడాలి. ఒళ్లు కాలుతుండగానే చెవి నరం గుచ్చి, చుక్క రక్తం గాజుపలక మీద పట్టి మండల పశువైద్యశాలకు పంపాలి. తాజా రక్తమైతే ఎర్రకణాలను నెట్టుకుంటూ మెలికలు తిరిగే జీవి అక్కడికక్కడే కనిపిస్తుంది. ఆ రాత్రి కొట్టంలో వేపాకు పొగ వేసి, జబ్బు గేదెను మంద నుంచి దూరంగా కట్టేయాలి.