కళ్ళారా చూసిన సాక్ష్యం

‘కళ్ళారా చూశాను’ అన్న మాటకు లోకంలో తిరుగు లేదు. న్యాయస్థానంలోనైనా, రచ్చబండ దగ్గరైనా చూసినవాని మాటకే విలువ ఎక్కువ. భారతీయ తార్కికులు ప్రమాణాలలో ప్రత్యక్షానికి ప్రథమ స్థానమిచ్చారు. అయినా కంటి సాక్ష్యాన్ని వారు గుడ్డిగా నమ్మలేదు. మసక వెలుతురులో తాడును పామని భ్రమించడం, ముత్యపుచిప్పను వెండి అనుకోవడం తత్త్వగ్రంథాలలో సుప్రసిద్ధమైన ఉదాహరణలు. దీపం తేగానే పాము మాయమై తాడు మిగులుతుంది. అయితే నిజం తెలిసిన తరువాత కూడా తొలగని భ్రమలు కొన్ని ఉన్నాయి. మనిషి ఎక్కువగా నేర్చుకోవలసింది వాటి నుంచే.

1889లో జర్మన్ పండితుడు ఫ్రాంజ్ కార్ల్ ముల్లర్-లయర్ ప్రకటించిన చిత్రం అటువంటిది. దానిని గీయడానికి పెన్సిలు, స్కేలు చాలు. ఎనిమిదేసి సెంటీమీటర్ల అడ్డగీతలు రెండింటిని ఒకదాని కింద ఒకటి గీయాలి. పై గీత రెండు కొనల వద్ద బాణపు మొనల వలె లోపలికి వాలిన చిన్న గీతలను, కింది గీత కొనల వద్ద బయటికి విచ్చుకొన్న చిన్న గీతలను చేర్చాలి. వెంటనే కింది గీత పొడవుగా కనిపిస్తుంది. కొలిస్తే రెండూ సమానమే. కొలిచిన తరువాత చూసినా కింది గీతే పొడవు! గీసిన చేతికి నిజం తెలుసు. కంటికి మాత్రం ఆ తెలివి అందదు. ఇక కింది గీతను కొద్దికొద్దిగా తగ్గిస్తూ, రెండూ సమానంగా కనిపించే చోట ఆగి కొలిస్తే, ఆ తేడాయే భ్రమ పరిమాణం. ఈ భ్రమకు కారణమేమిటన్న విషయంలో శాస్త్రజ్ఞులకు నేటికీ ఏకాభిప్రాయం లేదు.

దృష్టిభ్రమ కంటి లోపమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. 1995లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ అడెల్సన్ రూపొందించిన చిత్రం ఇందుకు నిదర్శనం. అందులో నలుపు తెలుపు గళ్ళ బల్లపై ఒక స్తంభం నీడ పడుతుంది. నీడలోని ‘తెల్ల’ గడి, వెలుతురులోని ‘నల్ల’ గడి నిజానికి ఒకే బూడిద రంగు. రెండు రంధ్రాలు చేసిన కాగితంతో తక్కిన చిత్రాన్ని కప్పితేగాని ఆ మాట నమ్మశక్యం కాదు. నీడ వల్ల తగ్గిన వెలుతురును మెదడు తనంతట తానే లెక్కలోకి తీసుకోవడమే దీనికి కారణం. ఆ లెక్కే లేకపోతే తెల్ల చొక్కా చెట్టునీడలోకి రాగానే రంగు మారినట్లు తోచేది. నిత్యజీవితంలో మేలు చేసే నేర్పే చిత్రం దగ్గర పొరపాటుకు దారి తీస్తున్నది. అంటే చూడటం కేవలం కంటి పని కాదు. దానిలో మనస్సు చేసే ఊహ కూడా కలసి ఉంటుంది.

కళ్ళే మోసగిస్తే ఇక దేనిని నమ్మాలని కొందరు ప్రశ్నించవచ్చు. స్కేలును చదివేది కూడా కన్నే కదా! నిజమే. కాని రెండు కొనలు ఒకే అంకె దగ్గర కలిశాయా లేదా అని చూడటంలో కన్ను పొరబడటం అరుదు. పైగా ఆ కొలతను మరొకరు పరీక్షించవచ్చు. శాస్త్రానికి ఆధారం ఈ పరీక్షే. ఇంద్రియాలను తిరస్కరించడం శాస్త్రం కాదు. వాటి హద్దులెరిగి వాడుకోవడం శాస్త్రం.

అందువల్ల దృష్టిభ్రమలను వినోదంగా చూసి విడిచిపెట్టకూడదు. విద్యార్థులు వాటిని తరగతిలో స్వయంగా గీయాలి, కొలవాలి, తోటివారి కొలతలతో పోల్చాలి. రెండు గీతల విషయంలోనే ఇంత పొరపాటు జరిగినప్పుడు, దూరం నుంచి చూసిన ఒక సంఘటనను బట్టి, ఒక్కసారి చూసిన ముఖాన్ని బట్టి తీర్పు చెప్పేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో అప్పుడు బోధపడుతుంది. ‘చూశాను’ అనడానికి కళ్ళు చాలు. ‘సరిచూశాను’ అనడానికి ఓర్పు, వినయం కూడా కావాలి. విద్య అలవరచవలసినవి ఆ రెండు గుణాలే.