వేడి కాంక్రీటు సరే, అంచు సంగతేంటి?

మినియాపాలిస్ శివార్లలో ఇల్లు కట్టించుకున్నప్పుడు గ్యారేజీ ముందు మంచు కరిగించే వేడి కాంక్రీటు వేయించాం. చలికాలంలో వచ్చే అమ్మానాన్నలు జారిపడకూడదని. రెండో శీతాకాలానికే దాని పక్కనున్న నడకదారి అంగుళం పైకి లేచింది. మంచు మీద జారని నాన్న, ఆ అంచు తగిలి బోర్లా పడ్డారు.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అసలు చిక్కు అది కాదు. మెత్తటి ఒండ్రుమట్టి గడ్డకట్టేటప్పుడు కింది తేమను పైకి లాక్కుంటూ, లోపల పొరలు పొరలుగా ఐసును పేరుస్తుంది. ఆ పొరలే నేలను లేపుతాయి. మా కాంక్రీటు మీద కరిగిన నీళ్లన్నీ పక్కకు జారి ఆ మట్టిలోకే ఇంకాయి. అంటే డబ్బు పెట్టి మేమే దానికి నీళ్లు పోశామన్నమాట!

ఈ ప్రాంతంలో పునాదులు 42 అంగుళాల లోతు ఉండాలని నిబంధన. గడ్డకట్టే చలి అంత లోతుకు దిగుతుందనే ఆ జాగ్రత్త. వాకిలికి అలాంటి పునాది ఉండదు. అయినా పైపుల దగ్గర ఉదారంగా ఉండే మనం, కంటికి కనపడని చోట బేరమాడతాం. అదే పొరపాటు.

సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. కరిగిన నీరు ఎటు పోతుంది, ఆ కాలువ గడ్డకట్టకుండా దానికీ వేడి ఉందా? మెత్తటి మట్టి తీసేసి, నీరు నిలవని కంకర పోస్తారా? ఫోమ్ బోర్డు కాంక్రీటు కిందే కాక, అంచు దాటి పక్క నేలలోనూ పరుస్తారా?

మేం అడగలేదు. ఈ వేసవిలో నడకదారి పగలగొట్టి, కింది నుంచి మళ్లీ వేయిస్తున్నాం. అప్పుడు మిగిల్చుకున్నదానికంటే ఇప్పటి ఖర్చే ఎక్కువ.